మిషను మీద ఎర్ర చుక్క

ఆమె కుట్టిన కాలర్లు ఎన్ని మెడల చుట్టూ తిరుగుతున్నాయో ఎవరికీ తెలియదు. బస్సుల్లో, ఆఫీసుల్లో, గోడకి తగిలించిన ఫోటోల్లో, ఎండలో బట్టలారేసే తీగల మీద అవి ఉండే ఉంటాయి. ఆ మెడల్లో ఒక్కదాన్నీ ఆమె చూడలేదు. చొక్కాల ఫ్యాక్టరీలో చేరిన రోజు ఆమె ముందు కాలరు ముక్కలు పెట్టారు. ఫ్యాక్టరీ మూసేసిన రోజు కూడా ఆమె చేతిలో ఉన్నది కాలరే. మధ్యలో పెళ్ళయింది, ఇల్లు మారింది, పాపిట పక్కన ఒక తెల్లపాయ మొలిచింది. కాలరు మాత్రం కాలరుగానే ఉండిపోయింది.

అందుకే వీధిలో ఆమెని కాలరమ్మ అంటారు. మొదట వెక్కిరింపుగా అన్నారు, తర్వాత అలవాటుగా, ఆ తర్వాత కాస్త ప్రేమగా. పేరు కూడా బట్టలాంటిదే, వాడగా వాడగా మెత్తబడుతుంది.

ఫ్యాక్టరీలో ఒక నియమం ఉండేది. మిషను ముఖాన రెండు చిన్న బిళ్ళలుంటాయి కదా, పైదారం వాటి మధ్యలోంచి నలుగుతూ దిగుతుంది. ఆ బిళ్ళల్ని ఎంత నొక్కి పట్టాలో చెప్పే మర ఒకటి వాటి ముందు ఉంటుంది. బిగిస్తే దారం బిగుస్తుంది, వదిలితే వదులవుతుంది. ఆ మరని కుట్టేవాళ్ళెవరూ తాకకూడదు. మెకానిక్కు వచ్చి, దారాన్ని వేళ్ళ మధ్య లాగి, కళ్ళు మూసుకుని ఏదో విన్నట్టు తల ఊపి, మరని ఒక చోట నిలిపి, దాని మీద ఎర్ర రంగు చుక్క పెట్టి వెళ్ళేవాడు. మర కదిలితే చుక్క పగులుతుంది. చుక్క పగిలితే సూపర్‌వైజరు కేకలకి చెవులు పగిలేవి.

ఆ చుక్కని చూస్తూ ఆమె ఇన్నేళ్ళు కుట్టింది. అదే పాప్లిన్ బట్ట, అదే సూది, అదే దారం. చుక్క పగలనంతకాలం లోకం సవ్యంగా ఉన్నట్టే.

ఫ్యాక్టరీ మూతపడ్డాక చేతికొచ్చిన డబ్బుతో ఆమె ఒక పాత కుట్టు మిషను కొనుక్కుంది. ముందు గదిలో, వీధి వైపు కిటికీ కింద పెట్టింది. తుడిచింది, నూనె వేసింది, ఒక పాప్లిన్ ముక్క మీద కుట్టి చూసింది. అమ్మినవాడు సరిగ్గానే అమర్చి ఇచ్చాడు, కుట్టు గీత గీసినట్టు వచ్చింది. అప్పుడు ఆమె ఎవరూ చెప్పకుండానే ఒక పని చేసింది. వీధి మూలనున్న కొట్టుకి వెళ్ళి గోళ్ళ రంగు సీసా ఒకటి కొనుక్కొచ్చి, ఆ మర మీద ఎర్రగా ఒక చుక్క పెట్టింది.

ఆ గదిలో సూపర్‌వైజరు లేడు. మెకానిక్కు లేడు. ఉన్నది అత్తగారొక్కర్తే. మంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తూ ఆవిడ చూసింది.

"అదేమిటే, మిషనుకి బొట్టు పెడుతున్నావు?"

"కదలకుండా ఉండడానికి అత్తయ్యా."

"మిషనుకేమన్నా కాళ్ళున్నాయా లేచిపోవడానికి?"

కాలరమ్మ నవ్వేసి రంగు సీసా మూత బిగించింది. బస్సు నడిపే భర్త ఆ సాయంత్రం చుక్క చూసి మెచ్చుకున్నాడు కూడా. "మంచి పని చేశావు. నేనూ అంతే. బండి బ్రేకు మెకానిక్కుని అడక్కుండా ముట్టుకోను. పదేళ్ళుగా కీచుమంటోంది, అయినా ముట్టుకోను."

కొన్నాళ్ళు పని బాగానే నడిచింది. దిండు గలీబులు, స్కూలు చొక్కాలు, చిరిగిన జేబులు. అన్నీ పాప్లినో దాని తోబుట్టువులో. కానీ గలీబులు ఎన్నని కుట్టించుకుంటారు? ఒక వీధిలో ఉన్న తలలకి ఒక లెక్క ఉంటుంది. పని పల్చబడుతున్న రోజుల్లో కర్టెన్ల దుకాణం ఆయన వచ్చాడు. మనిషి మర్యాదస్తుడు, గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

"చూడమ్మా, నా దగ్గర పనుంది. నెల జీతం. కర్టెన్ల అంచు కుట్టడమే. తిన్నగా పోయే కుట్టు. నీ చేతికి అదో పనా, కళ్ళు మూసుకుని కుట్టెయ్యొచ్చు. పై నెల మొదటి తారీఖున వస్తా, నీ మాట చెప్పు."

ఆయన వెళ్ళాక ఆమె కిటికీ దగ్గర చాలాసేపు నించుంది. జీతం మంచిదే. కాకపోతే ఆ మాట, 'కళ్ళు మూసుకుని' అన్న మాట, చీరలో ఇరుక్కున్న గుండుసూదిలా ఎటు తిరిగినా గుచ్చుతోంది. మిషను కొన్నరోజున ఆమెకొక చిన్న కోరిక ఉండేది. బయటికి చెప్పుకునేంత పెద్దదేం కాదు. ఒక బట్ట పూర్తిగా తన చేతిలో పుట్టాలి. మెడ నుంచి అంచు దాకా. అది వేసుకున్న మనిషి తన ఎదురుగా తిరిగి చూపించాలి. కర్టెన్ల కొట్లో చేరితే కాలరు పోయి అంచు వస్తుంది, అంతే.

బేకరీ ఆవిడ వచ్చింది ఆ వారంలోనే.

వీధి చివర బేకరీ ఆవిడది. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా ఎప్పుడూ పిండి. ఆ రోజు చేతులు శుభ్రంగా కడుక్కుని, ఒక కాగితం పొట్లం గుండెలకి పొదువుకుని వచ్చింది.

"చెల్లీ, ఎవరికీ చెప్పకు. అంటే, అందరికీ తెలిసిపోయింది గానీ, నువ్వు చెప్పకు. పెళ్ళి చేసుకుంటున్నా."

"ఎవరినక్కా?"

"కళ్ళజోళ్ళ కొట్టాయనని. ఇన్నేళ్ళూ రోజూ పొద్దున్నే వచ్చి ఒక బన్ను కొనుక్కెళ్ళేవాడు. బన్నంటే ఇష్టం కాబోలు అనుకున్నా. మొన్న చెప్పాడు, ఆయనకి బన్నంటే బొత్తిగా గిట్టదట! అన్నీ పావురాలకి వేశాడట!"

మంచం మీద అత్తగారికి నోట్లో బఠాణీ అడ్డంపడి పొలమారింది. నవ్వులు తగ్గాక పొట్లం విప్పారు. లోపల షిఫాన్ బట్ట. వాన వెలిసిన సాయంత్రం ఆకాశం చివర మిగిలే నీలం, బూడిద కలిసిన నీలం. ముట్టుకుంటే వేళ్ళ మధ్య ఉన్నట్టూ లేనట్టూ ఉంది.

"కొట్లో ఇదొక్క తానే ఉంది, చివరి ముక్క నాకిచ్చారు. బతుకంతా తెల్ల ఏప్రన్లోనే గడిచిపోయింది. ఒక్కరోజు ఈ రంగులో నించోవాలని ఉంది. నడుం దగ్గర బిగుతుగా, కింద గాలికి ఎగిరేలా ఒక గౌను. కుట్టగలవా?"

కాలరమ్మ బట్టని వేళ్ళ మీద పరుచుకుని చూసింది. ఇలాంటి బట్ట ఆమె మిషను కిందకి ఎప్పుడూ రాలేదు. చూద్దాం అక్కా, నాకు చేత కాదేమో అని చెప్పబోయింది. అంతలో అత్తగారు అందుకుంది.

"మా కోడలు కుట్టలేని బట్ట ఇంకా నేతగాడి మగ్గం దిగలేదమ్మా! నువ్వెళ్ళి పెళ్ళికొడుకుని చూసుకో."

ఇంట్లో ఉప్పు ఎక్కువైందని పొద్దున్న సాధించిన నోరే అది. బయటివాళ్ళ ముందు మాత్రం కోడలు బంగారం.

బేకరీ ఆవిడ వెళ్ళాక కాలరమ్మ గౌను కోసం కొలిచి కత్తిరించే ముందు, బట్ట అంచున ఒక సన్నటి పీలిక తీసి మడిచి మిషను కింద పెట్టింది. కుట్టింది. తీసి చూస్తే ముడత. కుట్టు పొడుగునా బట్ట పుల్లటి కాయ కొరికిన మొహంలా ముడుచుకుపోయింది.

సూది మార్చింది, సన్నది వేసింది. ముడత. దారం మార్చింది. ముడత. కింద పల్చటి కాగితం పెట్టి కుట్టింది, కాస్త నయమనిపించింది. కాగితం చింపగానే మళ్ళీ ముడత. వెనక నుంచి చేత్తో లాగి పట్టి కుట్టింది, సూది వంగింది. పీలిక మీద పీలిక అయిపోతోంది గానీ ఆమె చెయ్యి ఒక్కసారి కూడా ఆ మర వైపు పోలేదు. కంటికి ఎదురుగా ఉంది. చెయ్యి దాని చుట్టూ తిరిగి వెళ్ళిపోతోంది, పడుకున్న పాము చుట్టూ తిరిగి వెళ్ళినట్టు.

"ఈ బట్టే మంచిది కాదు," అంది చివరికి.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అంది అత్తగారు. "ఆ బొట్టు దగ్గరేదో తిప్పుతారు కదే? మా చిన్నప్పుడు మా వీధి దర్జీ ఎప్పుడూ దాన్నే గెలుకుతూ ఉండేవాడు."

"అది తిప్పకూడదత్తయ్యా. ఒకసారి పోతే మళ్ళీ ఆ చోటు దొరకదు. స్కూలు చొక్కాలు కూడా పాడవుతాయి."

"ఉన్నదీ పోతుందని భయం, రానిదీ రావట్లేదని ఏడుపు. బాగుంది."

మర్నాడు ఆమె బట్ట పొట్లం కట్టి సంచిలో పెట్టుకుంది. బేకరీకి వెళ్ళి తిరిగిచ్చేసి, అటునుంచటే కర్టెన్ల కొట్టుకి వెళ్ళి సరేనని చెప్పాలి. దారంతా మాటలు కూర్చుకుంది. బేకరీలో పొయ్యి వేడి, కాలుతున్న పిండి వాసన. ఆవిడ ఆమెని చూడగానే వెనక గదిలోకి లాక్కెళ్ళి, డబ్బాలోంచి కొత్త చెప్పులు తీసి పిండి బస్తాల మధ్య తొడుక్కుని నడిచి చూపించింది.

"నీ గౌను కిందకి. మడమ కొంచెం ఎత్తు. పడతానంటావా?"

"పడవక్కా."

కాలరమ్మ వంగి ఆ చెప్పుల పట్టీ సర్దింది. సంచి ఎలా పట్టుకెళ్ళిందో అలాగే పట్టుకుని ఇంటికొచ్చింది. కర్టెన్ల కొట్టు ముందు నుంచే వచ్చింది, కానీ లోపలికి వెళ్ళలేదు.

గుమ్మంలోకి అడుగు పెట్టగానే ఏదో తేడా కనిపించింది. ఏమిటో వెంటనే తెలియలేదు. రోజూ గోడ మీదుండే గడియారం తీసేస్తే మొదట గది బోసిగా ఉందనిపిస్తుంది, తర్వాతే గడియారం గుర్తొస్తుంది, అలా. మిషను దగ్గరికి వెళ్ళింది. మర ఖాళీగా, తెల్లగా మెరుస్తోంది. కింద బల్ల మీద ఎర్రటి పెచ్చులు, పగడపు పొడిలా.

"అత్తయ్యా! ఏం చేశారు!"

అత్తగారు బఠాణీల పళ్ళెం మీంచి తలెత్తలేదు. "మురికనుకున్నా. గోటితో గీకాను. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

"చుక్క పోతే పోయింది, మర కదిలిందా?"

"కదల్లేదు. నేనే తిప్పాను. అటు తిప్పాను, ఇటు తిప్పాను. మళ్ళీ అటు తిప్పాను. ఏమీ పేలలేదు."

కాలరమ్మ స్టూలు మీద కూలబడింది. కోపంతో చెవులు వేడెక్కాయి. పాప్లిన్ ముక్క పెట్టి కుట్టి చూసింది. కింది వైపు దారమంతా ఉంగరాలు ఉంగరాలుగా వేలాడుతోంది. ఇన్నాళ్ళు కాపాడుకున్న చోటు పోయింది. దాన్నిప్పుడు వెతికిపెట్టే మెకానిక్కు ఈ వీధిలో లేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కూర్చుని ఉంటే మాత్రం నూతిలో నీళ్ళు తగ్గుతాయా?

కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మిషను మీద పడుతోంది. ఆమె మెల్లగా చెయ్యి చాచి, రెండు వేళ్ళతో మరని పట్టుకుంది. చల్లగా ఉంది. కుడికి తిప్పింది. లోపల చిన్న స్ప్రింగు ముడుచుకోవడం వేళ్ళకి తెలిసింది, నిద్రలో పిల్ల పిడికిలి బిగించినట్టు. ఎడమకి తిప్పింది. పిడికిలి వదిలింది. అంతే. ఇంతకాలం తను భయపడింది ఇంత చిన్న దానికా?

అప్పుడు మెకానిక్కు చేతులు గుర్తొచ్చాయి. చుక్కని చూడడమే పనిగా పెట్టుకుని, ఆయన చుక్కకి ముందు ఏం చేసేవాడో ఆమె ఎప్పుడూ తల్చుకోలేదు. అయినా కళ్ళు చూశాయి, ఎక్కడో దాచుకున్నాయి. ఆయన మొదట, బట్టని నొక్కి పట్టే మిషను పాదాన్ని పైకెత్తేవాడు. పాదం ఎత్తితేనే బిళ్ళలు విడివడి దారాన్ని మధ్యలోకి రానిస్తాయి. తర్వాత పాదం దించి, దారం లాగి చూసేవాడు. పైకి ఒక రంగు, కిందికి ఒక రంగు దారం వేసేవాడు, ఎవరి తప్పో తెలియడానికి.

ఆమె పైన ఎర్ర దారం, కింద బాబిన్లో నీలం దారం వేసింది. పాప్లిన్ మీద ఒక గీత కుట్టింది. అడుగున ఎర్ర ఉంగరాలు తేలాయి, అంటే పైది వదులు. కొంచెం బిగించింది. ఉంగరాలు చుక్కలయ్యాయి. ఇంకొంచెం. ఈసారి పై వైపున నీలం చుక్కలు తొంగిచూశాయి. అంటే పైది బిగువెక్కువై కింది దారాన్ని జుట్టు పట్టి పైకి లాగుతోంది. వెనక్కి, వెంట్రుకవాసి. పైన ఎర్రే, కింద నీలమే. రెండూ బట్ట లోపల ఎక్కడో, ఎవరికీ కనబడని చోట చేయి చేయి పట్టుకున్నాయి.

"దొరికింది!" అంది పైకే.

"ఏం పోయిందని?" అంది అత్తగారు.

చోటు దొరికింది. కానీ దొరికాక ఆమెకి ఒక సంగతి తెలిసింది. అది పాప్లిన్ చోటు. పాత దుప్పటి ముక్క పెడితే ఆ చోటు చాలలేదు, బిగించాల్సి వచ్చింది. రుమాలు గుడ్డకి వదలాల్సి వచ్చింది. ప్రతి బట్టకీ ఒక ఊపిరి ఉంది, దారం ఆ ఊపిరికి తగ్గట్టు నడవాలి. ఇల్లంతా వెతికి దొరికిన గుడ్డపేలికలన్నీ తెచ్చుకుంది. భర్త పాత యూనిఫారం, అత్తగారి చిరిగిన శాలువా, కర్టెను ముక్క. గదంతా ఎర్ర నీలం గీతలు. బడి ఎగ్గొట్టి ఆడుకుంటున్న పిల్లలా ఉంది ఆమె మొహం.

షిఫాన్ పీలిక ఆఖర్న తీసింది. దానికి పై మర వదలడం ఒక్కటే చాలలేదు. బాబిన్ ఉండే చిన్న లోహపు కేసు బయటికి తీసి, దారం కొస పట్టుకుని గాల్లో వేలాడదీసి చిన్నగా కుదిపింది. రాయిలా కదలకుండా ఉంది. దాని పక్కనున్న బుల్లి స్క్రూని గోరంత వదిలి మళ్ళీ కుదిపింది. ఈసారి సాలీడులా కొద్దిగా కిందికి జారి, ఆగి, ఊగింది. అదే కావాలి. సన్న సూది, సన్న దారం, కుట్టు చిన్నది. పాదం దించి మెల్లగా తొక్కింది.

బట్ట సూది కిందనుంచి అలలా సాగి వచ్చింది. ముడత లేదు. వేలితో తడిమితే గీత ఉందో లేదో తెలియడం లేదు. అద్దం మీద ఊదిన ఆవిరిలో గీసిన గీతలా ఉంది.

మర్నాడు బేకరీకి వెళ్ళి, ఇంతవరకూ ఎవరితోనూ అనని రకం మాట అంది. "అక్కా, నడుం దగ్గర బిగుతు వద్దు. ఈ బట్టకి బలం లేదు. నువ్వు గట్టిగా నవ్వావనుకో, కుట్టు పక్కన నేత జారి విడిపోతుంది. కొంచెం వదులు పెట్టి, లోపల మెత్తటి లైనింగు వేద్దాం. లాగుడంతా లైనింగు మీద పడుతుంది, పైది హాయిగా ఎగురుతుంది."

"బిగుతుగా ఉంటే సన్నగా కనపడతానేమోనని..."

"ఆయన నిన్ను ఇన్నేళ్ళు ఏప్రన్లోనే చూశాడు కదక్కా."

ఆవిడ పిండి చేతులతోనే నోరు మూసుకుని నవ్వింది. మీసాలొచ్చాయి.

బట్టల కొట్లో సేల్సుమాన్ తళతళలాడే నైలాన్ లైనింగు తీశాడు. "అందరూ ఇదే తీసుకుంటారండీ." కాలరమ్మ షిఫాన్ పీలిక పిడికిలి మీద కప్పి, దాని కింద నైలాన్ వేసి చూసింది. షిఫాన్ ఒక వైపు జారుతోంటే నైలాన్ అట్టముక్కలా ఇంకో వైపు నించుంది. మొగుడూ పెళ్ళాం అలిగి చెరో మూల కూర్చున్నట్టుంది. పక్కకి పెట్టేసింది. ఒక్కో తానూ వేళ్ళ మధ్య రుద్దింది, గుప్పిట నలిపి వదిలింది, వెలుతురుకి పట్టి చూసింది. చివరికి ఒక పల్చటి నూలు బట్ట పిడికిలి మీద షిఫాన్‌తో పాటే పడింది, రెండూ కలిసి మోకాళ్ళ మీద వాలిన పిల్లిలా.

"పొయ్యి పక్కన నించునే మనిషి. నూలైతే చెమట పీలుస్తుంది," అంది. సేల్సుమాన్ ఈసారి నైలాన్ ఊసెత్తకుండా కొలిచాడు. ఇంటికి తెచ్చి, నీళ్ళలో నానబెట్టి ఆరేసింది. కుంచించుకోవాల్సింది తీగ మీదే కుంచించుకుంటే గౌనులో పేచీ ఉండదు.

గౌను వేసుకుని చూసుకోడానికి వచ్చిన రోజు బేకరీ ఆవిడ ముందు గదిలో, అద్దం ముందు నించుంది. చేతులెత్తింది. దించింది. ఒక చుట్టు తిరిగింది. నీలం గాల్లో లేచి, ఆలోచించుకుని, నెమ్మదిగా కిందికి దిగింది. ఎక్కడా ఒక్క ముడత లేదు. మెడ నుంచి అంచు దాకా.

"నేనేనా?" అంది.

"నువ్వే అక్కా." కాలరమ్మ చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చుంది. కళ్ళు మాత్రం ఆ మెడ మీదే ఉన్నాయి. ఇన్ని మెడలకి కుట్టి, మొదటిసారి ఒక మెడని చూస్తోంది. దాని మీద చిన్న పుట్టుమచ్చ కూడా ఉంది.

కర్టెన్ల దుకాణం ఆయన చెప్పిన రోజుకే వచ్చాడు. గోడకి తగిలించిన గౌనుని చూసి, చెప్పులు విడవడం మర్చిపోయి లోపలికొచ్చాడు.

"ఏమ్మా, వస్తున్నావా మరి?"

"లేదన్నగారూ. మీరు మంచి మాటే చెప్పారు. కానీ కళ్ళు తెరుచుకుని కుట్టడం ఇప్పుడే మొదలుపెట్టాను. కొన్నాళ్ళు చూసుకుంటాను."

"పని దొరక్కపోతే?"

"దొరక్కపోతే మీ కర్టెన్లు ఎక్కడికీ పోవు కదండీ," అంది మంచం మీంచి అత్తగారు. "ఈలోగా మీ ఆవిడకో గౌను కుట్టించండి. పాపం, ఇంట్లో అన్నీ కర్టెన్ల ముక్కలే కట్టుకుంటోందేమో!"

ఆయన నవ్వాడు. ఏమో, మా ఆవిడనే అడగండి అంటూ వెళ్ళాడు. రెండు వీధుల అవతలి నుంచి ఆ సాయంత్రమే ఒకావిడ మందపాటి కోటు బట్ట పట్టుకుని వచ్చింది. బేకరీ ఆవిడ పంపిందట. కాలరమ్మ అంచు నుంచి ఒక పీలిక తీసింది. పాదం ఎత్తింది, దారం వేసింది, పాదం దించింది. మర మీద చెయ్యి వేసింది. ఈసారి చెయ్యి చుట్టూ తిరిగి వెళ్ళలేదు.

"ఏమే," అంది అత్తగారు, "ఆ ఎర్రరంగు సీసా ఏం చేశావు?"

"సొరుగులో ఉందత్తయ్యా. ఇంక దాంతో పనేముంది?"

"సీసా నిండా ఉంది, డబ్బు పోసి కొన్నావు. పారేస్తావా?" ఆవిడ పళ్ళెం పక్కకి జరిపి, చుట్టూ ఒకసారి చూసి, ముడతలు పడ్డ రెండు చేతులూ ముందుకి చాపింది. కుడి బొటనవేలి గోరు కొస కొద్దిగా అరిగి ఉంది. "పెళ్ళికి వెళ్ళాలి కదా మనం."

కాలరమ్మ స్టూలు మంచం దగ్గరికి లాక్కుంది. అరిగిన గోటితోనే మొదలుపెట్టింది.

"కదలకండి," అంది.

"కదిలితే ఏమవుతుందే?" అంది అత్తగారు. "మళ్ళీ పెడతావు, అంతేగా."